నల్లరాయి వెంట ఒక రోజు: మారిషస్ దీవిని ఎలా చూపించాలి

(తిరుపతిలో పర్యాటక రంగం విద్యార్థులు, స్థానిక గైడ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు రోజూ కాణిపాకం, శ్రీకాళహస్తి, చంద్రగిరి తిప్పే గైడ్లు. మిగతావాళ్లు ఆ పని నేర్చుకుంటున్నవాళ్లు. అందుకని ఈ సాయంత్రం నేను చూడ్డానికి వెళ్లేవాళ్ల గురించి తక్కువ, చూపించేవాళ్ల గురించి ఎక్కువ మాట్లాడతాను. మీ చేతిలో ఒక దీవి పెట్టారనుకోండి. సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతం పైకి పోసిన రాయితో పుట్టిన దీవి. పొద్దున ఎనిమిదికి ఒక కుటుంబాన్ని బండెక్కించుకుని, సాయంత్రం ఆరుకల్లా మళ్లీ హోటల్ దగ్గర దించాలి. ఆ పది గంటల్లో ఏం చూపిస్తారు?

చాలామంది చేసేది ఏమిటంటే, ప్రకృతి అని ఒక లిస్టు, సంస్కృతి అని ఇంకో లిస్టు రాసుకుంటారు. జలపాతం, వ్యూ పాయింట్, గుడి, మ్యూజియం, మధ్యలో భోజనం. ఒక్కోచోట ఇరవై నిమిషాలు. జనం దిగుతారు, ఫోటో తీసుకుంటారు, ఎక్కుతారు. నేను మారిషస్‌లో మొదట ఎక్కిన బస్సు టూర్ అచ్చం ఇలాగే జరిగింది. జలపాతం దగ్గర నిలబడిన సేపు కంటే ఓడ బొమ్మలు అమ్మే దుకాణంలో నిలబెట్టిన సేపే ఎక్కువ. ఆ తర్వాత ఒక స్థానిక గైడుతో అదే దారిలో మళ్లీ వెళ్లాను. తెలుగు కుటుంబంలో పుట్టిన అమ్మాయి. ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడుతుంది, టూరిస్టులతో ఇంగ్లీషు, ఫ్రెంచి, పూజలో మాత్రం తెలుగు. ఆ అమ్మాయి పట్టుకున్న పద్ధతి ఒక్కటే: రోజంతా రాయిని వదల్లేదు. కొండ దగ్గర రాయి, చెరువు దగ్గర రాయి, చెరకు తోటలో రాయి, చివరికి వంటింట్లో రాయి. మీకు చెప్పదలుచుకున్నది అంతా ఆ పద్ధతి గురించే.

మారిషస్ ఎందుకు అని మీరు అడగొచ్చు. మనకూ ఆ దీవికీ చుట్టరికం ఉంది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడ జరిగాయి. నాలుగోది 2012 డిసెంబరులో జరిగింది ఈ ఊళ్లోనే, మీలో కొందరు వాలంటీర్లుగా కూడా పనిచేసి ఉంటారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. ఇంత ఉన్నా, ఇక్కడి నుంచి ప్యాకేజీ మీద వెళ్లినవాళ్లలో ఎక్కువమంది బీచ్ ఫోటోలతో తిరిగొస్తున్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ముందు దీవి పుట్టుక. మారిషస్ ప్రధాన దీవి 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన తిరుపతి జిల్లాలో నాలుగో వంతు కూడా ఉండదు. భూమి లోపల చాలా లోతు నుంచి వేడి రాయి పైకి పొంగే చోటు ఒకటి హిందూ మహాసముద్రం కింద ఉంది. కింద పొయ్యి దాదాపు ఉన్నచోటే ఉంటుంది, పైన పెనం నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. పెనంలో ఏ భాగం పొయ్యి మీదికి వస్తే ఆ భాగం కాలుతుంది. ఈ పెనమే భూమి పైపొర. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద ఆ పొయ్యి మీద ఉన్నది ఎవరనుకుంటున్నారు? మనమే. దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా అప్పుడు పొంగిందే. మహారాష్ట్రలో ఆ నల్లరాయి గుట్టలు గుట్టలుగా ఉంటుంది. మన రాష్ట్రంలోనూ రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో అదే కాలపు రాయిని కొట్టి కంకరగా అమ్ముతున్నారు. ఆ తర్వాత భారతదేశం ఉత్తరానికి జరిగిపోయింది. పొయ్యి గుర్తులు వరసగా సముద్రంలో మిగిలాయి: లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్, ఆ తర్వాత మారిషస్. ఇప్పుడు దాని మీద ఉన్నది పక్కనున్న రియూనియన్ దీవి. అక్కడి పిటన్ ద లా ఫూర్నేజ్ ప్రపంచంలో చాలా చురుగ్గా ఉన్న అగ్నిపర్వతాల్లో ఒకటి. మారిషస్‌లో పాత లావా వయసు 80, 90 లక్షల ఏళ్లు. చివరిసారి లావా పారి వేల ఏళ్లు గడిచిపోయాయి. అంటే పొయ్యి మీద నుంచి దించేసిన దీవి అది, చల్లారింది.

ఇంకో సంగతి చెబితే టూరిస్టులు కళ్లు పెద్దవి చేస్తారు. 2017లో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త లూయిస్ ఆష్‌వాల్ బృందం మారిషస్ రాయిలో జిర్కాన్ అనే ఖనిజం గింజల వయసు లెక్కగట్టింది. రాయి వయసు 60 లక్షల ఏళ్ల లోపే. దాని లోపలున్న గింజల వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. అంత పాత గింజలు సముద్రపు అడుగు రాతిలో పుట్టవు, ఖండపు రాతిలోనే పుడతాయి. అంటే దీవి కింద, ఒకప్పుడు భారతదేశానికీ మడగాస్కర్‌కీ మధ్య ఉన్న పాత నేల ముక్క ఒకటి మునిగి ఉంది. లావా పైకి వస్తూ ఆ గింజల్ని కూడా మోసుకొచ్చింది. ఈ మాట బీచ్‌లో చెబితే ఎవరికీ ఎక్కదు. అగ్నిపర్వతం బిలం అంచున నిలబడి చెప్పాలి.

అందుకే మొదటి మజిలీ క్యూర్‌పీప్ ఊళ్లో ఉన్న ట్రూ ఓ సెర్ఫ్. అగ్నిపర్వతం నోరు. వ్యాసం 300 మీటర్లకు పైనే ఉంటుంది, లోతు 80 మీటర్లు. లోపలి గోడల నిండా చెట్లు. అడుగున కొంచెం నీళ్లు, బురద. చుట్టూ రోడ్డు వేశారు, పొద్దున్నే ఊళ్లోవాళ్లు ఆ రోడ్డు మీద వాకింగ్ చేస్తుంటారు. ఒక పక్కన బిలం, ఇంకో పక్కన మిద్దెలు. ఇక్కడ గైడు చేయాల్సిన పని ఒకటుంది. జనాన్ని బిలం వైపు ఎంతసేపు నిలబెడతారో, వీపు తిప్పి ఊరి వైపు కూడా అంతసేపు నిలబెట్టాలి. ఈ ఊరు ఇంత పెద్దదెందుకయిందో తెలుసా? 1860ల్లో తీరంలో మలేరియా విరుచుకుపడింది. రాజధాని పోర్ట్ లూయీ నుంచి జనం దోమలు లేని చల్లటి ఎత్తుకు పరుగెత్తుకొచ్చారు. ఆ ఎత్తు లావా పోసిన పీఠభూమి. అగ్నిపర్వతం లేకపోతే ఆ ఎత్తు లేదు, ఆ ఎత్తు లేకపోతే ఈ ఊరికి ఈ రూపం లేదు.

అక్కడ ఎప్పుడు చూసినా సన్నని జల్లు. ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వస్తుంది, పీఠభూమికి తగిలి పైకి లేస్తుంది, చల్లబడి కురుస్తుంది. పీఠభూమి మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల దాకా పడే వాన, పడమటి తీరంలో 1,000 కూడా దాటదు. గంట ప్రయాణంలో గొడుగు నుంచి నల్ల కళ్లద్దాలకు మారిపోతారు. రెండూ తెచ్చుకోమని ముందురోజు రాత్రే చెప్పాలి.

రెండో మజిలీ గంగా తలావ్. ఇది కూడా బిలమే, నీళ్లు నిండిన బిలం, సముద్ర మట్టానికి 550 మీటర్ల ఎత్తున. 1897లో ట్రియోలే గ్రామపు పూజారి ఝుమ్మన్ గిరి గోసాయికి కలలో ఈ సరస్సు గంగతో కలిసినట్టు కనిపించిందని చెబుతారు. మరుసటి ఏడాది భక్తులు నడిచి వచ్చారు. ట్రియోలే దీవికి ఉత్తరాన ఉంది, సరస్సు దక్షిణాన. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. ఇప్పుడు 33 మీటర్ల శివుడి విగ్రహం దారి మొదట్లోనే కనిపిస్తుంది. శివరాత్రికి తెల్లబట్టలు కట్టుకుని, వెదురు కావళ్లు అలంకరించి భుజాన పెట్టుకుని లక్షల్లో జనం నడుస్తారు. దారి పొడుగునా ఇళ్లవాళ్లు నీళ్లు, పళ్లరసం, పలహారం పట్టుకుని నిలబడతారు. హిందువులు కానివాళ్లు కూడా. అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లను చూసి పెరిగిన మీకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ ఆ సరస్సు దగ్గర మన తెలుగు టూరిస్టులు ఒక పని చేస్తారు. దండం పెట్టుకుని, విగ్రహం ముందు సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. సరస్సు గట్టున వంగి రాయిని చూడరు. ఆ గైడు మా చేత చూపించింది. గట్టు రాయి నల్లగా, నిండా చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది. లావా చల్లబడేటప్పుడు లోపలి గాలి బుడగలు బయటికి పోలేక అక్కడే గడ్డకట్టిన చోట్లు అవి. వేలు పెట్టి తడిమితే కొన్ని గుండ్రంగా, కొన్ని ఒకే వైపు సాగదీసినట్టు ఉంటాయి. సాగిన వైపే లావా పారిన వైపు. ఒక పదేళ్ల పిల్లాడు ఆ రంధ్రాలు ఎటు సాగాయో చూసుకుంటూ గట్టు వెంట చాలాసేపు నడిచాడు. వాళ్ల నాన్న బండెక్కమని పిలిచినా కదల్లేదు. గైడుకు ఇంతకంటే ఏం కావాలి?

అక్కడి నుంచి బ్లాక్ రివర్ గోర్జెస్ అడవి. 1994లో జాతీయ పార్కు అయింది. వ్యూ పాయింట్ నుంచి చూస్తే లోయ, జలపాతాలు, దూరంగా సముద్రం. అందంగా ఉంటుంది, సందేహం లేదు. అయితే అక్కడ నిలబడి అందం గురించే మాట్లాడితే సగం నిజమే చెప్పినట్టు. ఈ దీవికి డచ్చివాళ్లు 1598లో వచ్చారు, 1638 నుంచి ఊరు కట్టుకున్నారు. వాళ్లకు కావలసింది ఎబొనీ కలప. మన బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు జాతిదే అది. నల్లటి చేవ, యూరప్‌లో బంగారం రేటు. నరికి ఓడల్లో పంపేశారు. ఎగరలేని డోడో పక్షి వాళ్లు వచ్చిన వందేళ్ల లోపే లేకుండా పోయింది. మనుషులు తిన్నదానికంటే వాళ్లు వెంట తెచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లను, పిల్లలను తిన్నదే ఎక్కువ నష్టమని చెబుతారు. ఇప్పుడు అడవిలో చాలా భాగం బయటినుంచి వచ్చిన చైనా జామ కమ్మేసింది. జనం సీజన్లో వెళ్లి సంతోషంగా ఆ ఎర్రటి చిన్న కాయలు కోసుకుంటారు. అదే మొక్క కింద స్థానిక చెట్ల మొలకలు లేవలేకపోతున్నాయి.

శేషాచలం అడవి పక్కన కాపురం ఉంటున్న మనకు ఈ కథ పరాయిది కాదు. ఎర్రచందనం ఈ కొండల్లో, ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఎంత చేవ ఉంటే అంత శత్రువులు. ఎబొనీకి జరిగింది చదివినప్పుడు నాకు మన అడవే గుర్తొచ్చి గుండె బరువెక్కింది.

అదే లోయలో ఇంకో కథ కూడా ఉంది, దాన్ని తప్పకుండా చెప్పాలి. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. వేల్స్ నుంచి వచ్చిన కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త 1979 నుంచి అక్కడే పనిచేశారు. గూటిలోంచి మొదటి గుడ్లు తీసి పొదిగించారు. తల్లి మళ్లీ గుడ్లు పెట్టింది. పిల్లలకు చేత్తో తిండి పెట్టి, పెంచి అడవిలో వదిలారు. నాలుగు కాస్తా వందలయ్యాయి. గులాబీ రంగు పావురం, పచ్చ చిలుక కూడా అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. ఆ డేగ గూడు ఎక్కడ పెట్టుకుంటుందంటే, కొండ చరియల్లోని రాతి బొరియల్లో. కోతులు ఎక్కలేని నిటారు బండల్లో పెట్టుకున్న గూళ్లే నిలబడ్డాయి. చూశారా, మళ్లీ రాయి దగ్గరికే వచ్చాం.

మధ్యాహ్నం భోజనం గురించి రెండు మాటలు. టూర్ కంపెనీలు రెస్టారెంటులో కూర్చోబెట్టి బఫే పెట్టిస్తాయి. నా మాట వింటే రోడ్డు పక్క బండి దగ్గర ఆపండి. ధోల్ పూరి అని, శనగపప్పు ఉడికించి పొడి చేసి లోపల కూరి, పల్చగా వత్తి కాల్చిన రొట్టె. కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే గాతో పిమా అని పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయ వేసి వేయించినవి. మనవాళ్లు ఒకటి నోట్లో వేసుకోగానే వడ అంటారు. తప్పేం లేదు, ఒకప్పుడు ఇక్కడి నుంచి కూలిపనికి ఓడల్లో వెళ్లినవాళ్ల చేతి రుచే అది.

షామరెల్ అనే ఊరి దగ్గర జలపాతం దాదాపు మన తలకోన అంత ఎత్తు ఉంటుంది. చూసి ముందుకు సాగొచ్చు. ఆగాల్సింది ఏడు రంగుల మట్టి దగ్గర. టికెట్ కొని లోపలికి వెళ్లి, చెక్క కంచె ఇవతల నిలబడి, పది నిమిషాలు చూసి "ఇంతేనా?" అని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తప్పు వాళ్లది కాదు, చెప్పేవాళ్లు లేరు. అది ఇసుక దిబ్బల్లాగా కనిపిస్తుంది కానీ ఇసుక కాదు, నల్లరాయి కుళ్లి అయిన మట్టి. వేడి, వాన కలిసి లక్షల ఏళ్లు పనిచేస్తే రాతిలోని సిలికా నీళ్లతో కొట్టుకుపోతుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఎరుపు, గోధుమ రంగులు ఇనుము వల్ల, నీలం, ఊదా ఛాయలు అల్యూమినియం వల్ల. పోషకాలన్నీ కడిగేసుకుపోయాయి కాబట్టి దాని మీద గడ్డి కూడా మొలవదు. దాని పక్కనే, అదే లావా తక్కువ కుళ్లిన చోట, మనిషెత్తు పచ్చదనం. ఆ రెండింటినీ పక్కపక్కన చూపించి మట్టి వయసు గురించి చెప్పండి. మన చిత్తూరు వైపు ఎర్రమట్టి వేరే రాయిలోంచి వచ్చింది, ఎక్కువగా గ్రానైటు లోంచి, కానీ ఎరుపుకి కారణం అదే ఇనుము. రైతు ఎవరైనా గుంపులో ఉంటే వెంటనే అందుకుంటారు. పొద్దువాలే ముందు ఏటవాలు ఎండలో రంగులు బాగా తేలతాయి.

ఇక చెరకు. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది.

దీవిలో ఎటు వెళ్లినా చెరకు తోటలే. చిత్తూరు బెల్లం తిని పెరిగినవాళ్లం, చెరకు మనకు కొత్త కాదు. తుపాను వచ్చినప్పుడు మిగతా పంట విరిగిపోతుంది, చెరకు వంగి మళ్లీ లేస్తుంది. అందుకే అక్కడ అది నిలిచింది. బండి కిటికీ లోంచి చూస్తే ఆ తోటల మధ్యలో నల్లటి రాళ్ల కుప్పలు కనిపిస్తాయి. కొన్ని మిద్దె అంత ఎత్తు. కొన్ని పొడుగ్గా గోడల్లాగా. కొన్నింటిని మెట్లు మెట్లుగా పేర్చారు, వాటిని చూసి ఎవరో పురాతన నాగరికత వాళ్లు కట్టిన పిరమిడ్లని ప్రచారం చేసేవాళ్లూ ఉన్నారు. అవి ఏ నాగరికతా కట్టినవి కావు. లావా పారి పగిలిన నేల అది, నాగలి దిగదు. ఒక గుంట తవ్వాలంటే ముందు అక్కడి రాళ్లు ఏరాలి. మొదట ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు ఏరారు. 1835లో బానిసత్వం పోయింది. దానికి కొంచెం ముందు నుంచే, 1834 నవంబరు 2న వచ్చిన అట్లాస్ ఓడ మొదలుకుని, భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను దించడం మొదలుపెట్టారు. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది. బీహారు వైపు నుంచి ఎక్కువ, మద్రాసు, విశాఖ, కోరంగి వైపు నుంచి తమిళులు, మనవాళ్లు. ఆ చేతులు ఏరి పోసిన కుప్పలు అవి.

ఆ గైడు ఒక కుప్ప దగ్గర బండి ఆపించింది. టూర్ కాగితంలో ఆ మజిలీ లేదు. తోటగట్టు మీద నుంచి దగ్గరికి తీసుకెళ్లింది. రాళ్ల మీద తెల్లటి, బూడిద రంగు పాచి మచ్చలు. సందుల్లో ఏవో తీగలు. పై వరసలో తలకాయంత రాళ్లు, కింద ఇద్దరు పడితే తప్ప లేవని బండలు. ఒక చిన్న రాయిని చేతికిచ్చి పట్టుకోమంది. చూసినదానికంటే చాలా బరువు, ఇనుము ఎక్కువ కదా. "ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి ఆ గట్టు మీద పెట్టి రండి" అంది. ఎండలో, సాలు మధ్యలో నడిచి, పెట్టి వచ్చాం. ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు, కూలి లెక్కలు కూడా చెప్పలేదు. గుంపులో ఒక పెద్దావిడ మాత్రం ఆ కుప్పకు చేతులెత్తి మొక్కింది.

ఆ రాళ్లతోనే అన్నీ కట్టారు. మిల్లు పొగగొట్టాలు, తోట గోడలు, పోర్ట్ లూయీలో కూలీలు ఓడ దిగి ఎక్కిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు. ఆ 16 మెట్లు ఉన్న చోటు 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంకొకటి ఏ లిస్టులోనూ ఉండదు: వంటింటి రాయి. అక్కడి ఇళ్లలో మసాలా నూరుకునే పలక ఒకటి ఉంటుంది, పైన దొర్లించే పొత్రంతో. అచ్చం మన సన్నికల్లు, నల్లరాయితో చెక్కింది. హిందువుల ఇళ్లలోనే కాదు, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ జనం ఇళ్లలోనూ ఉంటుంది. అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర దాని మీదే నూరుతారు. గైడు వాళ్ల అమ్మగారు చూపించిన రాయి మధ్యలో అరిగి గుంట పడింది. వాళ్ల అత్తగారి నుంచి వచ్చిందట. అగ్నిపర్వతం పోసిన రాయి, ఎవరో పొలంలోంచి ఏరిన రాయి, ఇంకెవరో చెక్కిన రాయి, నాలుగు తరాల ఆడవాళ్ల చేతుల కింద అరిగిన రాయి. ప్రకృతి ఎక్కడ అయిపోయి సంస్కృతి ఎక్కడ మొదలైందో గీత గీయమంటే ఆ పలక మీద ఎక్కడ గీస్తారు?

చివరి మజిలీ నైరుతి మూలన లె మోర్న్. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన 556 మీటర్ల బండకొండ. పారిపోయిన బానిసలు దాని గుహల్లో, పైన చదునులో దాక్కుని బతికారు. ఎక్కడం అంత కష్టం కాబట్టే అది వాళ్లకు రక్ష అయింది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సైనికులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికి వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకేశారని క్రియోల్ జనం తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఈ కొండను గుర్తించింది. ఏటా ఫిబ్రవరి 1న కొండ కింద జనం చేరతారు. అక్కడ మీరు సెగా పాట వినాలి, ఆ బానిసల నుంచి వచ్చిన పాట, ఆట. రవాన్ అనే పెద్ద పలక లాంటి వాద్యానికి మేక చర్మం బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు చేస్తారు, మన డప్పు కాచినట్టే. హోటళ్లలో డిన్నరు ముందు రంగురంగుల గౌన్లతో చేసే సెగా వేరు, దాన్ని చూసి ఇదే సెగా అనుకోకండి.

అక్కడే హెలికాప్టరు ఎక్కితే సముద్రంలో జలపాతం కనిపిస్తుందని అమ్ముతారు. ఇసుక, ఒండ్రు లోతైన చోటికి జారుతూ పైనుంచి చూస్తే కనిపించే భ్రమ అది. డబ్బుంటే ఎక్కండి, కానీ ఆ మాట ముందే చెప్పండి.

(సభలో ఒకరు: సార్, మన చిత్తూరు జిల్లా నుంచి కూడా వెళ్లారా? వాళ్ల ఊళ్లు తెలుసుకోవచ్చా?)

మంచి ప్రశ్న. మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఒప్పంద కూలీల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా, ఒంటి మీద గుర్తులు. తర్వాతి రోజుల్లో ఫోటోలు కూడా తీశారు. కానీ "చిత్తూరు జిల్లా" అని వెతికితే దొరకదు. ఈ జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె వైపు ఊళ్లు కడప కింద ఉండేవి. ఆ పేర్లతో వెతకాలి. పేర్ల స్పెల్లింగు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, దాంతో ఓపిక పట్టాలి. ఎవరైనా మారిషస్ తెలుగువాళ్లు ఇక్కడ దర్శనానికి వచ్చి, తమ పాత ఊరు వెతికిపెట్టమని మిమ్మల్ని అడిగితే దయచేసి విసుక్కోకండి. వాళ్లు అడిగేది నూట యాభై ఏళ్ల ప్రశ్న.

వాళ్ల రామభజన గురించి కూడా చెప్పాలి. మధ్యలో దీపస్తంభం పెట్టి, చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ రాత్రి పొద్దుపోయేదాకా పాడతారు. మాటల అర్థం పూర్తిగా తెలియని కుర్రాళ్లు కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడతారు. మన పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లకు ఆ అడుగు తెలిసిందే. అది టికెట్ పెట్టి చూపించే షో కాదు. ఇంటివాళ్లు పిలిస్తే వెళ్లాలి, చెప్పులు విప్పాలి, ఫోన్ జేబులో పెట్టాలి. గైడుకు ఆ పెద్దరికం ఉండాలి.

ఇప్పుడు మన ఊరు. తిరుమల ఘాట్ రోడ్డు మీద రోజూ వేల బండ్లు వెళ్తాయి. ఆ దారి పక్కన కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి) కలిసే గీత కనిపిస్తుంది. రెండు రాళ్ల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూవిజ్ఞాన సర్వే సంస్థ లెక్క. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. పైన శిలాతోరణమూ అంతే, జాతీయ స్మారకమే, గుడికి కిలోమీటరు దూరంలో. మన దగ్గర అగ్నిపర్వతం లేదు, నిజమే. కానీ మారిషస్ మొత్తం వయసు 90 లక్షల ఏళ్లయితే, మన బండి ఒక్క మలుపులో దాటేసే గీతలో దానికి ఎనభై రెట్లకు పైగా కాలం దాక్కుని ఉంది. ఘాట్ రోడ్డులో ఎక్కడపడితే అక్కడ బండి ఆపనివ్వరు. కాబట్టి అలిపిరి దాటకముందే చెప్పడం మొదలుపెట్టండి, ఏ వైపు కిటికీ నుంచి చూడాలో చెప్పండి, గీత కనిపించిన క్షణంలో వేలు చూపించండి. దర్శనానికి వచ్చినవాళ్లకు ఇవన్నీ ఎందుకని అంటారేమో. ఏడుకొండలని పాడేవాళ్లకు ఆ కొండ దేనితో అయిందో చెబితే భక్తి తగ్గదు. నేను చెప్పి చూశాను. కిందికి దిగేటప్పుడు వాళ్లే కిటికీ దగ్గర సీటు అడుగుతారు.

(ఇంకొకరు: ఒక్క రోజే ఉంటే మారిషస్‌లో ఏవి వదిలేయొచ్చు సార్? ఎప్పుడు వెళ్లాలి?)

మే నుంచి అక్టోబరు వరకు చల్లగా ఉంటుంది, నడవడానికి హాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వేడి, తుపాన్లు వచ్చే కాలం. చెరకు కోత చూడాలంటే జూలై తర్వాత వెళ్లండి. వదిలేయాల్సినవి అంటే, దుకాణాలు మొత్తం, జిప్‌లైన్, రమ్ము రుచి చూపించే చోటు, హెలికాప్టరు. టైమ్ మరీ తక్కువైతే జలపాతం కూడా, తలకోన మనకు ఉంది కదా. బిలం, గంగా తలావ్, రంగుల మట్టి, లె మోర్న్ ఉంచండి. చెరకు తోటలో రాళ్ల కుప్ప దగ్గర మాత్రం తప్పకుండా ఆపించండి. దానికి టికెట్ లేదు, పార్కింగ్ లేదు, ఏ ప్యాకేజీలోనూ రాయరు. అందుకే బయల్దేరే ముందే డ్రైవరుతో మాట్లాడుకోవాలి, తోట యజమాని కనిపిస్తే అడిగి లోపలికి వెళ్లాలి, కోత లారీలు తిరిగే రోజులైతే గట్టు మీదే నిలబడాలి.